పాత బండికి కొత్త కరెంటు – మూడో పాఠం: మ్యాగ్నెట్ కింది కాయిల్

గత పాఠంలో సిడిఐ పెట్టె, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె పని చూశాం. ఇంజిన్ తిరుగుతుంటే, దానితో తిరిగే మ్యాగ్నెట్ (అయస్కాంతపు చక్రం) కింద ఉండే సోర్స్ కాయిల్ వందల వోల్టులు పుట్టిస్తుంది, పెట్టెలోని కెపాసిటర్ వాటిని నింపుకుంటుంది, రవ్వ ఎప్పుడు రావాలో చెప్పే పల్సర్ కాయిల్ సైగ అందగానే, ప్లగ్‌కు ఎక్కువ వోల్టేజి పంపే హెచ్‌టి కాయిల్‌లోకి ఒక్కసారిగా వదిలేస్తుంది. ఈ వారం సోర్స్ కాయిల్ మారుద్దాం. నా యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఆధారంగా చెబుతాను.

రోగలక్షణం ఇది. ఉదయం ఒక్క కిక్కుకే లేస్తుంది. తిరుపతి నుంచి మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ ఎక్కుతుండగా టక్కున ఆగిపోతుంది. చెట్టు కింద అరగంట నిలబెడితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. నేను దీనికి రెండు సిడిఐ పెట్టెలు కొన్నాను. రెండూ అటక మీద ఉన్నాయి, రెండూ మంచివే.

తప్పు నా మీటరుది కాదు, నాది. సోర్స్ కాయిల్‌ను చల్లారాక కొలిచాను. కాయిల్ తీగ మీది పూత ఏళ్ల వేడికి పెళుసుబారుతుంది, సన్నని తీగ ఎక్కడో చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ చిట్లిన కొనలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, వేడెక్కితే విడిపోతాయి.

కాబట్టి బండి ఆగిన చోటే, సిడిఐ నుంచి సోర్స్ వైరు ఊడదీసి, దానికీ బాడీకీ మధ్య ఓములు చూడండి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: వేడికి రాగి నిరోధం పెరగడం సహజం. 30 డిగ్రీల దగ్గర 300 ఓములు చూపిన కాయిల్ 90 డిగ్రీలకు దాదాపు 370 చూపిస్తుంది. అది జబ్బు కాదు. అంకె గెంతులు వేసినా, మీటరు ఏమీ చూపకపోయినా తీగ తెగినట్టే. వేడెక్కే కొద్దీ అంకె తగ్గితే లోపల చుట్లు ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం.

ఇక విప్పడం. మ్యాగ్నెట్‌ను పుల్లర్‌తోనే (దాన్ని లాగే పనిముట్టుతోనే) లాగండి. సుత్తి దెబ్బకు అయస్కాంతం పగలవచ్చు, క్రాంక్ వంకరపోవచ్చు. అర్ధచంద్రాకారపు చిన్న కీ కింద పడి దొర్లిపోతుంది, ముందే గుడ్డ పరచుకోండి. కాయిల్ బిగించి ఉన్న ప్లేటు విప్పే ముందు ప్లేటు మీదా, కేసు మీదా కలిపి ఒకే గీత గీయండి. ఆ గీత లేకపోతే టైమింగ్, అంటే రవ్వ పడాల్సిన సరైన క్షణం, వెతుక్కోవలసిందే. వైర్లను ఫోనులో ఫొటో తీయండి.

కొత్త కాయిల్ బిగించే చోట తుప్పు గీకి శుభ్రం చేయండి, ఎర్త్ అందేది అక్కడి నుంచే. సోల్డర్ చేసిన అతుకు మీద వేడికి కరగని స్లీవ్ తొడగండి. మామూలు ఇన్సులేషన్ టేపు ఆ వేడికి జారిపోతుంది.

మ్యాగ్నెట్‌ను తిరిగి పెట్టి, నట్టు బిగించి, ప్లగ్ తీసేసి చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా గరగరమంటే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది. అలాంటప్పుడు కిక్కు కొట్టకండి, మళ్లీ విప్పండి. వచ్చే పాఠానికి టైమింగ్ లైటు కావాలి, ఎవరినైనా అడిగి తెచ్చిపెట్టుకోండి.