క్యాంపింగ్ ఉయ్యాలకు గుడ్డ ఎలా ఎంచుకోవాలి?

గండికోటకో, అహోబిలం వైపో రాత్రి మకాంకు పోయేవాళ్ళు ఈమధ్య రెండు చెట్ల మధ్య కట్టి పడుకునే ఉయ్యాల సొంతంగా కుట్టుకుంటున్నారు. మంచి పని. కుట్టడం పెద్ద విద్య కాదు, లుంగీ అంచు మడిచి కుట్టగలిగితే చాలు. పని చెడేదంతా గుడ్డ కొనే దగ్గరే. "పారాచూట్ క్లాత్ తెచ్చాం" అంటారు. చేతిలోకి తీసుకుని చూస్తే అది గొడుగు గుడ్డో, బ్యాగు లోపల వేసే లైనింగో అయి ఉంటుంది. మనిషి బరువు మోసే గుడ్డను పేరు చూసి కొనకూడదు.

సామాన్లు పెద్దగా ఏమీ లేవు. ఇంట్లో ఉన్న కుట్టుమిషను, 14వ నంబరు కొత్త సూది, పాలిస్టర్ దారం, కత్తెర, టేపు. కాటన్ దారం మాత్రం వద్దు, తడికి కుళ్ళుతుంది.

కొలత కూడా తేలికే. పన్నా 58 నుంచి 60 అంగుళాలు, పొడవు మూడున్నర మీటర్లు. కుట్టాక దాదాపు 3.3 మీటర్లు మిగులుతుంది. ఆరడుగుల మనిషి అందులో కొంచెం ఐమూలగా పడుకుంటే నడుం నిటారుగా ఉంటుంది. రెండున్నర మీటర్లతో సరిపెడితే రాత్రంతా విల్లులా వంగి పడుకోవాలి. ముక్కలు అతికి పొడవు చేయకండి. బరువంతా పడే చోట అడ్డంగా అతుకు ఉండనే కూడదు.

ఇక రకం. ఎమ్మిగనూరు దుప్పట్లు నేతలో గట్టివే, ఇంటి వసారాలో ఉయ్యాలకు బాగుంటాయి. రాయదుర్గం వైపు జీన్స్ గుడ్డ చవగ్గా దొరుకుతుందని దాన్ని వాడేవాళ్ళూ ఉన్నారు. బరువు లెక్క వేసి చూడండి. 12 ఔన్సుల డెనిమ్ (జీన్స్ గుడ్డ) అంటే చదరపు మీటరుకు 400 గ్రాములకు పైనే. మన కొలతకు ఐదుంపావు చదరపు మీటర్లు కావాలి, అంటే గుడ్డ ఒక్కటే రెండు కిలోలు. అదే 65 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 65 గ్రాములు తూగే నైలాన్ అయితే 340 గ్రాములు. పైగా డెనిమ్ మంచుకు తడిస్తే మధ్యాహ్నం దాకా ఆరదు. వల ఉయ్యాలలు నాకు అసలు నచ్చవు. తాళ్ళు వీపుకు ఒత్తుకుంటాయి, చొక్కా గుండీలు తగులుకుంటాయి.

కొనాల్సింది కోటింగ్ (గాలి ఆడనివ్వని పూత) లేని నైలాన్ రిప్‌స్టాప్. దగ్గరగా చూస్తే చిన్న చిన్న గళ్ళు కనిపిస్తాయి. ఆ గళ్ళ గీతల్లో లావు పోగులు ఉంటాయి, చిరుగు మొదలైతే అక్కడ ఆగుతుంది. మన సీమలో ఎక్కడ చూసినా కంప చెట్లే, ముల్లు తగలకుండా ఉయ్యాల కట్టడం కుదరదు. అందుకే గళ్ళు లేని గుడ్డ వద్దంటాను. పోగు లావును డెనియర్‌లో చెబుతారు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 70 డెనియర్ రిప్‌స్టాప్ సుమారు 65 జీఎస్ఎం వస్తుంది. మామూలు ఒళ్ళున్న మనిషికి అది సరైన గుడ్డ. 50 జీఎస్ఎంకు తగ్గితే ముట్టుకోకండి. 90 కిలోలు దాటినవాళ్ళు 80 జీఎస్ఎం తీసుకోండి.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. మన అంగళ్ళలో తాను మీద ఈ అంకెలేవీ రాసి ఉండవు. అడిగితే "హెవీ క్వాలిటీ సార్" అంటారు. కాబట్టి ఒకేసారి మూడున్నర మీటర్లు కోయించుకోవద్దు. "అన్నా, ముందు ఒక అర మీటరు ఇయ్యి, చూసుకుని మిగతాది తీసుకుంటా" అనండి. ఎండకు పెట్టిన పైమడత కాకుండా తాను లోపలి నుంచి ఇమ్మని అడగండి. నైలాన్‌కు ఎండ శత్రువు. రంగు వెలిసిందంటే బలమూ తగ్గిందనే అర్థం.

ఆ ముక్కను నోటికి గట్టిగా ఆనించి ఊదండి. అవతలి వైపు అరచేతికి గాలి తగలాలి. తగలకపోతే కోటింగ్ ఉన్నట్టు. కడప ఎండాకాలంలో అలాంటి దాంట్లో పడుకుంటే వీపంతా చెమటే. కొందరు నీటి చుక్క వేసి, జారిపోతే కోటింగ్ ఉందని తేల్చేస్తారు. అది తప్పు పరీక్ష. నీళ్ళు అంటకుండా మందు పట్టించిన గుడ్డ మీద చుక్క జారిపోతుంది, గాలి మాత్రం ఆడుతుంది. ఊది చూసిందే లెక్క.

తర్వాత పోగుల పరీక్ష. ఎక్కువమంది వదిలేసేది ఇదే, ఉయ్యాల ప్రాణం ఉన్నదీ ఇందులోనే. గుడ్డను గట్టి బల్ల మీద పరిచి, బొటనవేలి గోటితో ఒకే చోట నొక్కి అటూ ఇటూ పదిసార్లు గీకండి. తర్వాత వెలుతురుకు ఎత్తి చూడండి. నేత చెక్కుచెదరకపోతే మంచిది. పోగులు పక్కకు జరిగి సన్నటి సందు కనిపిస్తే ఆ గుడ్డను అక్కడే వదిలేయండి. పోగు ఎంత గట్టిదైనా సరే, నేత వదులుగా ఉంటే బరువు పడినప్పుడు కుట్టు దగ్గర పోగులు జారి గుడ్డ విచ్చుకుంటుంది. దారం తెగదు, గుడ్డే కుట్టులోంచి జారి వస్తుంది. అందుకే ఇంటికి తెచ్చిన ముక్కలోంచి రెండు పేలికలు తీసి, వాటిని కలిపి మీ మిషను మీదే కుట్టి, రెండు చేతులా బలంగా లాగండి. సూది రంధ్రాలు కొద్దిగా సాగడం మామూలే. పొడవాటి సందులైతే వద్దు.

అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి చింపి కూడా చూడండి. మంచి రిప్‌స్టాప్ ప్రతి గడి దగ్గరా మొరాయిస్తుంది. సర్రున చివరిదాకా చిరిగితే గళ్ళు ఉత్త అచ్చు మాత్రమే.

నైలానా, పాలిస్టరా అన్నది తెలియాలంటే రెండు పోగులు లాగి, పట్టకారతో పట్టుకుని ఆరుబయట కాల్చండి. నల్లటి మసి పొగ బాగా వస్తే పాలిస్టర్. అది తక్కువ సాగుతుంది, ఎండకు మెరుగ్గా ఆగుతుంది, కాబట్టి మిగతా పరీక్షలు గెలిస్తే వాడుకోవచ్చు. నాకు మాత్రం నైలానే కావాలి, ఆ కాస్త సాగే గుణమే వీపుకు సుఖం. కరిగిన చుక్క చర్మం మీద పడితే గట్టిగా కాలుతుంది, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

చివరగా బరువు. సరిగ్గా 10 సెంటీమీటర్ల చదరం కోసి తూకం వేయించి, గ్రాములను 100తో హెచ్చించండి. 0.65 గ్రాములు వస్తే 65 జీఎస్ఎం. వంటింటి కాటా ఇంత చిన్న బరువు చూపించదు. ప్రొద్దుటూరులాంటి ఊళ్ళో బంగారం అంగళ్ళకు కొదవ లేదు, తెలిసిన అంగట్లో అడిగితే తూచి ఇస్తారు.

అన్నీ సరిపోతే వెళ్ళి అదే తాను నుంచి మిగతా పొడవు తెచ్చుకోండి. పడుగు (నిలువు పోగులు) ఉయ్యాల పొడవునా రావాలి, తాను అంచు వెంబడి కోయిస్తే అదే వస్తుంది. పొడవు అంచులు రెండు మడతలు వేసి కుట్టి, రెండు చివరలా తాడు పట్టే గొట్టంలా మడిచి మూడు వరుసల కుట్టు వేయండి.

కట్టేటప్పుడు, ఉయ్యాల చివరను చెట్టుకు కట్టే బెల్టు నేలకు 30 డిగ్రీల వాలులో ఉండాలి. అప్పుడు ఒక్కో బెల్టు మీద మీ బరువంత లాగుడు పడుతుంది. బిగించి 10 డిగ్రీలకు తెస్తే అది దాదాపు మూడింతలవుతుంది, ఎంత మంచి గుడ్డ కొన్నా దండగే. మొదటిసారి కింద పరుపు వేసి, మోకాలి ఎత్తుకు మించకుండా కట్టి, మెల్లగా కూర్చోండి. పావుగంట తర్వాత దిగి కుట్ల వెంబడి వేలితో తడిమి చూడండి. పోగులు ఎక్కడైనా జరిగి ఉంటే మీద పడుకోవద్దు, దాన్ని సంచులకు వాడుకోండి.