బీరు సీసా మీద స్క్రీన్ ప్రింటింగ్: ఇంక్ ఊడకుండా ఉండాలంటే

సీసా మీద బొమ్మ పడటం పెద్ద కష్టం కాదు. ఐసు బకెట్లో గంటల తరబడి నానాక కూడా అది గోటికి లేవకుండా ఉండాలి. అసలు పనంతా అక్కడే. కాబట్టి డిజైన్ జోలికి వెళ్లే ముందు బ్రూవరీ వాళ్లను ఒక్క ప్రశ్న అడగాలి: ఖాళీ సీసా మళ్లీ మీ దగ్గరికి వస్తుందా?

తిరిగొచ్చే సీసాలను వేడి కాస్టిక్ సోడా నీళ్లలో కడుగుతారు. మామూలు ఇంకులు ఆ కడుగుడుకు ఎక్కువసార్లు ఆగవు. వాటికి సిరామిక్ ఇంకే వాడాలి. అందులో ఉండేది గాజు పొడి, ఖనిజ రంగులు. 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే కరిగి సీసాతో ఏకమైపోతుంది. కూల్‌డ్రింక్ గాజు సీసాల మీద ఏళ్లు గడిచినా చెరగని తెల్లక్షరాలు ఈ పద్ధతివే. అయితే దానికి పొడవాటి బట్టీ కావాలి, కాల్చాక సీసాను నెమ్మదిగా చల్లార్చాలి. చిన్న వర్క్‌షాపుకు అది తలకు మించిన పని. బయట చేయించుకోవడమే మేలు.

ఇక్కడ చెప్పేది ఒక్కసారి వాడి పక్కన పెట్టే 330 మి.లీ. గోధుమరంగు సీసా గురించి. ఇంక్ హార్డెనర్ (ఇంక్‌ను గట్టిపరిచే పదార్థం) కలిపి వాడే ఎపాక్సీ రకం, ఆరబెట్టేది ఓవెన్‌లో.

ముందు సీసాను కొలవండి

వ్యాసం 61 మి.మీ. ఉంటే చుట్టుకొలత 191.6 మి.మీ. వస్తుంది. డిజైన్ వెడల్పు 185 దాటనివ్వకండి. సీసాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే కొలతలో రావు. చుట్టూ పూర్తిగా కలిసే డిజైన్ వేస్తే కొన్నిటి మీద అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. పైన భుజం వంపు, కింద అడుగు వంపు మొదలయ్యే చోటికి కనీసం 4 మి.మీ. దూరంలో ప్రింట్ ఆగిపోవాలి. వంపు మీద స్క్రీన్ (ఇంక్ దిగే సన్నని వల బిగించిన చట్రం) ఆనదు.

సీసాకు రెండు వైపులా నిలువునా అచ్చు అతుకు గీత ఉంటుంది. సన్నక్షరాలు దాని మీద పడకూడదు. రెండు రంగులు వేయాలనుకుంటే అడుగు పక్కన చిన్న గాడి ఉన్న సీసాలే కొనండి. ప్రతి రంగుకూ సీసాను అదే చోట నిలబెట్టడానికి ఆ గాడే ఆధారం. అది లేకుండా రెండో రంగు కుదరాలంటే అదృష్టం ఉండాలి.

గోధుమరంగు గాజు మీద ఎరుపు, పసుపు నేరుగా వేస్తే చచ్చినట్టు కనిపిస్తాయి. కింద తెలుపు పడాలి. ఆ తెలుపు పై రంగు అంచు దాటి తొంగి చూడకుండా చుట్టూ 0.2 మి.మీ. లోపలికి తగ్గించాలి. గీత మందం 0.3 మి.మీ. కంటే తక్కువైతే తెగిపోతుంది. ధర, బ్యాచ్ నంబరు, తేదీ, ఏ రాష్ట్రంలో అమ్మకానికో చెప్పే వాక్యం స్క్రీన్‌లో పెట్టకండి. అవి మారిన రోజున వేల సీసాలు మూలన పడతాయి. మెడకు చిన్న కాగితం లేబుల్ వేసుకోవచ్చు.

మంట

ఇంక్ ఊడిపోయిందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే. గీతలు పడకుండా ఫ్యాక్టరీలోనే సీసా మీద పాలిథిలీన్ మైనం లాంటి పూత కొడతారు. చేత్తో తాకితే జారినట్టుండేది అదే. దాని మీద ఏ ఇంకూ పట్టదు, స్పిరిట్‌తో తుడిస్తే పూర్తిగా పోదు. గాలి ఎక్కువ కలిపిన నీలి ఎల్‌పీజీ మంట ముందు సీసాను ఒకటి రెండు చుట్లు తిప్పాలి. పసుపు మంట తగిలితే మసి అంటుకుని ఉన్నదీ చెడుతుంది. సీసాను ఒకేచోట ఆపితే పగులుతుంది.

పూత పోయిందో లేదో నీళ్లే చెబుతాయి. నాలుగైదు సీసాలకొకటి తీసి చల్లారాక తడపండి. నీరు పలుచని పొరలా పరుచుకుంటే సరే. తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలిస్తే మళ్లీ మంట. సరైన సీసాలను గది వేడికి దిగనిచ్చి, ఆలస్యం చేయకుండా ప్రింట్ వేయాలి. ఆ తర్వాత ప్రింట్ పడే చోట వేలు తగలకూడదు, మెడ దగ్గరే పట్టుకోవాలి.

ప్రింటింగ్

గుండ్రటి వస్తువు కాబట్టి పని తిరగబడుతుంది. స్క్వీజీ (ఇంక్‌ను స్క్రీన్ గుండా నొక్కే రబ్బరు పట్టీ) కదలదు. స్క్రీన్ పక్కకు జరుగుతుంటే దాని కింద సీసా దొర్లుతుంది. స్క్వీజీ అంచు సరిగ్గా సీసా నడినెత్తి మీద ఉండాలి. కాస్త పక్కకు జరిగినా అక్షరాల ఒక అంచు పాకినట్టు వస్తుంది. మెష్ (స్క్రీన్‌లోని వల) సెంటీమీటరుకు 120 దారాలది, కింది తెలుపుకైతే 77ది. స్క్వీజీ రబ్బరు గట్టిదనం 70–75 షోర్ (రబ్బరు గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం). స్క్రీన్‌కూ సీసాకూ మధ్య 1–2 మి.మీ. ఎడం.

హార్డెనర్‌ను కంటి అంచనాతో కలపొద్దు, త్రాసు మీద తూచండి. చాలా ఇంకులకు 100 గ్రాములకు 5 గ్రాములు. మీ డబ్బా మీద వేరేలా రాసి ఉంటే అదే నడుస్తుంది. కలిపాక కొన్ని గంటల్లో ఇంక్ చిక్కబడుతుంది. థిన్నర్ పోసి దాన్ని లేపాలని చూడకండి, పారేయండి. గ్లోవ్స్ వేసుకోండి. సీసం, కాడ్మియం లేవని ఇంక్ అమ్మేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

మొదటి రంగు వేడిగాలితో చేతికి అంటనంత ఆరాకే రెండోది.

ఓవెన్

140 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. ఇక్కడ లెక్క ఓవెన్ గాలిది కాదు, గాజుది. నిండా పేర్చిన సీసాలు ఆ వేడికి రావడానికే 10–15 నిమిషాలు పడుతుంది, ఆ తర్వాతే గడియారం చూడాలి. థర్మోకపుల్ (వేడిని కొలిచే సాధనం) తీగను మధ్య వరుస సీసాకు అంటిస్తే సందేహం ఉండదు. వేడి ఎక్కువైతే తెలుపు పసుపెక్కుతుంది. ఒక్కసారిగా పెంచితే ఇంక్‌లో బుడగలు లేస్తాయి. తలుపు తీసి వెంటనే తడి బల్ల మీద పెడితే సీసా చిట్లుతుంది. ఇదంతా ఖాళీ సీసాలకే. బీరు నింపి మూత బిగించిన సీసా ఓవెన్ దరిదాపుల్లోకి రాకూడదు.

పరీక్ష 24 గంటలు ఆగి చేయాలి. బ్లేడుతో మిల్లీమీటరు గళ్లు గీసి, టేపు నొక్కి అంటించి లాగండి. ఇంకో సీసాను రాత్రంతా ఐసు నీళ్లలో ఉంచి గోటితో గీకండి. రేకులా మొత్తం లేస్తే మంట సరిపోలేదు. మెత్తగా చెరిగితే ఓవెన్ తక్కువైంది లేదా హార్డెనర్ తగ్గింది. ఇంక్ పడ్డ చోట సూది రంధ్రాలుంటే దుమ్ము, లేదంటే చేతికి రాసుకున్న క్రీము. అంచులు రంపపు పళ్లలా వస్తే ఎమల్షన్ (స్క్రీన్ మీద బొమ్మ లేని చోట్లను మూసే పూత) పలచన. బ్రూవరీ నింపాక 60 డిగ్రీల నీళ్లలో పాశ్చరైజ్ చేసేదైతే పది సీసాలను వాళ్ల యంత్రంలోనే తిప్పించి చూసిన తర్వాతే ఆర్డరు మొదలుపెట్టండి.