సరిహద్దు నల్లరేగళ్లలో సోయా దిగుబడి పెంచడం ఎలా?

తెలంగాణ వైపు భైంసా, ముథోల్, మద్నూర్, జుక్కల్ అయినా, హద్దు దాటి మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ అయినా నేల దాదాపు ఒకటే, వానా ఒకటే. అయినా గట్టుకు ఇటు వచ్చినన్ని బస్తాలు అటు రావు. మందుల ఖర్చు చూసి కారణం వెతుకుతారు గానీ, ముందు చూడాల్సింది చేలో నిలిచిన మొక్కల లెక్క. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 5 సెంటీమీటర్లు ఉంటే ఎకరాకు సుమారు 1.75 లక్షల మొక్కలు నిలుస్తాయి. ఒక్కో మొక్కకు 17–20 కాయలు, అంటే 5 గ్రాముల గింజ వచ్చినా 8 క్వింటాళ్లు దాటుతుంది.

1. విత్తనం

సోయా గింజ తోలు పలచన. బస్తా ఎత్తి పడేసినా, నూర్పిడిలో గట్టి దెబ్బ తగిలినా మొలక చచ్చిపోతుంది, పైకి గింజ మాత్రం నిగనిగలాడుతుంది. అందుకే కొన్న విత్తనమైనా, ఇంటిదైనా పరీక్షించాలి. 100 గింజలను తడి గోనెసంచిపై వరుసగా పేర్చి, చుట్టి నీడలో పెట్టండి, ఆరకుండా నీళ్లు చల్లుతుండండి. నీళ్లలో నానబెట్టి మాత్రం చూడొద్దు, గింజ ఉబ్బి పగులుతుంది. 5–6 రోజులకు 70 మొలిస్తే ఎకరాకు 30 కిలోలు సరిపోతాయి. 60 మొలిస్తే 35 కిలోలు కావాలి. అంతకన్నా తగ్గితే ఆ విత్తనం వదిలేయడమే లాభం.

రకం నేలను బట్టి ఎంచుకోవాలి. లోతు తక్కువ నేలల్లో 90–95 రోజుల జేఎస్ 93-05 నయం. లోతైన రేగడిలో 100–105 రోజుల ఫులే సంగం (కేడీఎస్ 726) వేసుకోవచ్చు. జేఎస్ 335 అందరికీ అలవాటైనదే, కానీ పల్లాకు తెగులుకు తొందరగా లొంగుతుంది.

2. విత్తనశుద్ధి

వరుస తప్పకూడదు. కిలో విత్తనానికి ముందు కార్బాక్సిన్, థైరమ్ కలిసిన మందు 3 గ్రాములు, తర్వాత కాండం ఈగ కోసం థయోమిథాక్సామ్ 30 ఎఫ్ఎస్ 10 మి.లీ. పట్టించి నీడలో ఆరబెట్టాలి. విత్తే ముందు మాత్రమే, చల్లార్చిన పల్చటి బెల్లం నీళ్లతో రైజోబియం (వేళ్లపై బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పంటకు అందించే జీవాణువు) పట్టించాలి. 10 కిలోలకు 200 గ్రాముల ప్యాకెట్ ఒకటి. అన్నీ ఒకేసారి కలిపితే మందు రైజోబియాన్ని చంపేస్తుంది, ఎండలో పెట్టినా అంతే. చేత్తో గట్టిగా రుద్దొద్దు.

3. విత్తడం

మిరుగు (మృగశిర కార్తె) రాగానే గొర్రు కట్టే తొందర మనది. 75–100 మి.మీ. వాన పడి నేల లోపలిదాకా తడిసేదాకా ఆగండి. జూన్ మధ్య నుంచి జులై మొదటివారం దాకా సమయం ఉంది. లోతు 3–4 సెంటీమీటర్లు మించొద్దు. సోయా మొలక తన పప్పు బద్దలను మోసుకుంటూ పైకి వస్తుంది. లోతుగా పడి, పైన వాన కొట్టి నేల గట్టిపడితే మెడ విరిగి లోపలే కుళ్లుతుంది.

నాలుగు సాళ్లకో కాలువ తీసి, చివర నీళ్లు బయటికి పోయే దారి పెట్టండి. రేగడిలో నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి అందక చేను పసుపెక్కుతుంది. దాన్ని చూసి యూరియా చల్లడం ఇక్కడి పెద్ద పొరపాటు.

4. ఎరువులు

ఎకరాకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 150 కిలోలు, యూరియా 26, పొటాష్ 27. అంతా దుక్కిలోనే. డీఏపీ కన్నా సూపర్ మేలు, ఎందుకంటే నూనెగింజకు కావలసిన గంధకం అందులో ఉంటుంది. 30–35 రోజులకు ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, వేరు బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే అవి పనిచేస్తున్నట్టే, పైపాటు యూరియా అక్కర్లేదు.

5. కలుపు, పురుగులు

విత్తిన 24–48 గంటల్లో పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు లీటరు. 15–20 రోజులకు కలుపు 2–4 ఆకులతో ఉన్నప్పుడు, నేలలో తడి ఉంటే ఇమాజితాపిర్ 10 శాతం మందు 300 మి.లీ. ఆ తర్వాత ఒకసారి గుంటుక తోలితే చాలు. పూత మొదలయ్యాక గుంటుకతో చేలో దిగొద్దు.

కొమ్మ ఒకటే వాడి వేలాడుతుంటే కాండం చూడండి. రెండు వలయాలుగా కొరికిన గుర్తు ఉంటే అది గర్డిల్ బీటిల్, గాటు కింద విరిచి కాల్చేయాలి. ఆకులు జల్లెడలా అయితే లద్దె పురుగు. గుడ్ల సముదాయం ఉన్న ఆకు ఏరేయడం తేలిక, మించితే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం మందు ఎకరాకు 60 మి.లీ. పల్లాకు మొక్క కనిపించగానే పీకేయండి, ఎందుకంటే తెల్లదోమ దాన్ని చేనంతా పాకిస్తుంది.

6. తడి

పూత, కాయలో గింజ నిండే దశల్లో పది రోజులు వాన ఆగితే దిగుబడి అక్కడే పోతుంది. రేగడి నెర్రెలు విచ్చకముందే సాలు విడిచి సాలు తడి ఇవ్వండి. నీళ్లు లేకపోతే లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) కలిపి పిచికారీ చేస్తే కొంత ఆదుకుంటుంది.

7. కోత, నిల్వ

ఆకులు రాలి, నూటికి 90–95 కాయలు గోధుమరంగుకు తిరిగాక కోయండి. ఆలస్యమైతే కాయ పగిలి గింజ నేలపాలు. గింజలో తేమ 12 శాతానికి దిగేలా ఎండబెట్టాకే మార్కెట్‌కు తీసుకెళ్లండి, లేకపోతే కొనుగోలు కేంద్రం దగ్గర మళ్లీ ఆరబోసుకోవాలి.

వచ్చే ఏటి విత్తనానికి చేలో మంచి పంట ఉన్న ముక్కను వేరుగా ఉంచి, నూర్పిడి యంత్రం డ్రమ్ము వేగం నిమిషానికి 350–400 తిప్పులకు తగ్గించి నూర్చండి. బస్తాలు చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా, ఒకదానిపై ఒకటి ఐదుకు మించకుండా పేర్చండి.