రొయ్యల కౌంట్ లెక్కతో కోడింగ్ మొదలుపెట్టడం ఎలా?

భీమవరం, ఉండి ఊళ్ల వైపు ఏ చెరువు గట్టున నిలబడినా వినిపించే మాట "కౌంట్ ఎంత?" కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంట్. ఈ ఒక్క లెక్క పట్టుకుని ప్రోగ్రామింగ్ పునాదులు నేర్చుకోవచ్చు. సెలవుల్లో మా వీధి పిల్లలకు నేను ఇలాగే చెబుతాను. నేను చదివిన కాలేజీలో ప్రోగ్రాములు బట్టీ పట్టించారు. పరీక్ష పాసయ్యాను గానీ, సొంతంగా నాలుగు లైన్లు రాయడానికి మరో ఏడాది పట్టింది. మీకు ఆ అవస్థ వద్దు.

1. ముందు కాగితం మీద తెలుగులో రాయండి

వల వేసి పట్టిన రొయ్యలు లెక్కపెట్టాలి. వాటిని తూకం వేయాలి. రొయ్యల సంఖ్యను వెయ్యితో గుణించి, వచ్చిన గ్రాములతో భాగించాలి. అల్గారిథమ్ అంటే ఇదే. వలలో నీళ్లు కారిపోయాకే తూకం వేయాలని చెరువు మీద పనిచేసే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్‌కు మాత్రం ప్రతి అడుగూ, అదీ వరుస తప్పకుండా చెప్పాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా కోడ్‌లోకి దిగినవాళ్లే ఎక్కువగా మధ్యలో ఆగిపోవడం చూశాను.

2. పైథాన్ పెట్టుకోండి

గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన ఈ ప్రోగ్రామింగ్ భాష ఉచితం. కంప్యూటర్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 యాప్ చాలు. ఇంగ్లీషు రాదని టెన్షన్ పడొద్దు. పైథాన్‌కు ఉన్న ప్రత్యేక పదాలే 35, మొదటి నెలలో వాటిలో ఏడెనిమిదికి మించి అవసరం పడవు.

3. మూడు లైన్లు టైప్ చేయండి

పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు:

రొయ్యలు = 40
గ్రాములు = 800
కౌంట్ = రొయ్యలు * 1000 / గ్రాములు

దీని కింద ప్రింట్ అనే ఆదేశాన్ని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాసి, బ్రాకెట్లలో కౌంట్ అని ఇవ్వండి. రన్ చేస్తే 50.0 వస్తుంది. చుక్క పక్కన సున్నా చూసి తప్పు చేశామనుకోకండి, పైథాన్ భాగహారం జవాబును దశాంశంలోనే ఇస్తుంది. ఈ మూడు పేర్లూ వేరియబుల్స్, అంటే విలువలు దాచుకునే పేర్లు. సమాన గుర్తుకు ఇక్కడ అర్థం "కుడివైపున్న విలువను ఎడమవైపు పేరులో పెట్టు" అని. 800 తీసి 1000 పెట్టి మళ్లీ రన్ చేయండి. రొయ్య పెరిగింది, కౌంట్ 40కి దిగింది.

4. విలువలు వాడేవాళ్లనే అడగండి

ఇందుకు ఇన్‌పుట్ అనే ఆదేశం ఉంది. దాదాపు అందరూ దెబ్బతినేది ఇక్కడే. రెండుసార్లు వల వేశారు, మొదట 22, తర్వాత 18 పడ్డాయి. రెండూ కలిపితే 40 రావాలి. తెర మీద 2218 కనిపిస్తుంది! ఇన్‌పుట్ తెచ్చేది అంకె కాదు, అక్షరాలు. అందుకే పైథాన్ వాటిని పక్కపక్కన అతికించింది. ఇంట్ (ఇంగ్లీషులో ఐ, ఎన్, టీ) అనే ఆదేశంతో ముందు పూర్ణాంకంగా మార్చి, ఆ తర్వాతే కూడండి.

ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తే కంగారుపడి చెరిపేయొద్దు. చివరి లైన్ చదవండి. తప్పు ఏ రకానిదో అక్కడే ఉంటుంది, ఏ లైన్‌లో జరిగిందో దాని పైన ఉంటుంది.

5. షరతు, ఆ తర్వాత లూప్

కౌంట్ 50 లేదా అంతకన్నా తక్కువైతే "పట్టుబడికి సిద్ధం", లేకపోతే "ఇంకా ఆగాలి" అని చూపించాలి. ఇఫ్, ఎల్స్ పదాలు ఈ పని చేస్తాయి. ఆ లైన్ల చివర కోలన్ (:) పెట్టి, కింది లైన్‌ను నాలుగు ఖాళీలు లోపలికి జరపండి. జరపకపోతే ప్రోగ్రామ్ నడవదు.

నాలుగు చెరువులుంటే ఇదంతా నాలుగుసార్లు రాయనక్కర్లేదు. ఫర్ లూప్‌లో పెడితే ఒక్కో చెరువుకూ అదే తిప్పుతుంది.

6. ఇప్పుడు వరి లెక్క మీరే రాయండి

ఎన్ని ఎకరాలు, ఎకరానికి ఎన్ని బస్తాలు అని అడగాలి. బస్తా 75 కిలోలు. మొత్తం ఎన్ని క్వింటాళ్లో చెప్పాలి. పైన చూసి దించకుండా, కాగితంతోనే మొదలుపెట్టండి. 3 ఎకరాలు, 32 బస్తాలు ఇచ్చినప్పుడు తెర మీద 72.0 రావాలి.