రెండు పాత చీరల బొంత

బొంతకి నూలు చీరలే తీసుకోండి. సింథటిక్ చీర సూది కింద నిలవదు, జారిపోతుంది. మొదటిసారి నేను పిసినారితనానికి పోయి లోపల ఒక నైలాన్ చీర పెట్టాను. రెండు ఉతుకులకే పొరలు ఎటువి అటు జరిగి, బొంత నిండా గడ్డలే. చీరల్ని వేడినీళ్ళలో నానబెట్టి, గంజి మొత్తం వదిలేలా ఉతికి ఆరేయండి. గంజి ఉంటే సూది దిగదు.

ఒక్కరు కప్పుకోడానికి రెండు చీరలు చాలు. చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది కదా, బాగున్న చీరలోంచి రెండేసి మీటర్ల ముక్కలు రెండు కత్తిరించండి. ఒకటి పైకి, ఒకటి కిందికి. మిగిలిన మీటరున్నర అతుకులకి దాచండి. చిరుగుల చీరకి రెండు అంచులూ చింపేసి (జరీ ఒంటికి గీరుకుంటుంది) మూడు మడతలు వేస్తే లోపలి పొర తయారు. మొత్తం ఐదు పొరలు. మా అత్తగారు ఎనిమిది వేసేవారు. ఆవిడ చేతులు వేరు.

అసలు పనంతా పరచడంలోనే ఉంది. గచ్చు తుడిచి, కింది గుడ్డ పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టండి. మా ఇంట్లో రెండు ఆవకాయ జాడీలు, ఒక పొత్రం, మావారి లావుపాటి నిఘంటువు. మధ్యలోంచి అంచులకి అరచేత్తో నిమురుతూ ఒక్కో పొరా వేయండి. పై గుడ్డ, కింది గుడ్డ అంచుల్ని లోపలికి మడవండి. జానెడు దూరానికొకటి కచ్చా కుట్టు వేశాకే బరువులు తియ్యాలి.

తర్వాత రెండు పేటల దారంతో మామూలు కుట్టే. మధ్యలో మొదలుపెట్టి బయటికి రండి. అంచుల నుంచి లోపలికి వస్తే నడుమ ఉబ్బుతుంది. వరసకీ వరసకీ రెండు వేళ్ళ ఎడం. ముడి పొరల మధ్యకి లాగేయండి. వేలికి పీలిక చుట్టుకోకపోతే మూడో రోజుకి పొక్కు ఖాయం. రోజూ టీవీ ముందు గంటసేపు కూర్చుంటే నాకు మూడు వారాలు పట్టింది.

చిరుగు కనబడ్డ చోట దాచిన ముక్క వేసి, అంచు మడిచి కుట్టండి. పేపర్లవాళ్ళు పడిపోయే ప్రభుత్వాల్ని అతుకుల బొంత అంటారు గానీ, మా ఇంట్లో బొంతలో ముందు చిరిగేది అతుకు లేని చోటే.

ఉతికే రోజు మాత్రం ఒంటరిగా దిగకండి. తడిసిన బొంతని చెరో కొసా పట్టుకుని ఇద్దరు పిండాల్సిందే.