చీకట్లో సైకిల్ తీసే ముందు లైట్ల జాగ్రత్తలు

☐ ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలిగించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. వేలాడే బ్యాగో, చొక్కా అంచో వెనక లైటును కప్పేస్తుంటుంది. సీటు మీద కూర్చున్నాక ఆ సంగతి మనకు తెలియదు.

☐ బ్లింకింగా, నిలకడగా వెలిగేదా? పగలైతే బ్లింకింగే మేలు, ఎండలోనూ చూపు లాగుతుంది. రాత్రి మాత్రం నిలకడగా వెలిగేదే పెట్టండి. ఆరుతూ వెలుగుతూ ఉంటే మనం ఎంత దూరంలో ఉన్నామో వెనక డ్రైవరుకి సరిగ్గా అంచనా దొరకదు. వెనక రెండు లైట్లుంటే చెరొక రకం పెట్టుకోవచ్చు. జర్మనీ లాంటి చోట్ల సైకిల్‌కి బ్లింకింగ్ నిషేధం, కాబట్టి మీ దగ్గర రూలేంటో కనుక్కోండి.

☐ ముందు లైటు కాస్త కిందికి వంచండి. ఎదుటివాళ్ల కళ్లలో కొడితే వాళ్లకి రోడ్డే కనిపించదు.

☐ చార్జింగ్ ఫుల్. లెన్సు మీద బురద ఉంటే తుడవండి.

☐ ఫ్లోరోసెంట్ (కొట్టొచ్చే పచ్చ, నారింజ లాంటి రంగు) జాకెట్ వేసుకున్నాం కదా అని ధీమా వద్దు, అది పగటి వెలుతురులోనే మెరుస్తుంది. చీకట్లో పనికొచ్చేది రిఫ్లెక్టివ్ పట్టీ, అంటే బండి లైటు పడగానే తిరిగి మెరిసేది. చీలమండల దగ్గర కట్టుకోండి. తొక్కుతుంటే పైకీ కిందికీ ఊగే ఆ మెరుపు చూసి, సైకిల్ అని డ్రైవరు ఇట్టే పోల్చుకుంటాడు.