పాలెగాళ్ల సీమలో తుపాకీ, కత్తి, మంత్రం: ఆట తూకం కుదుర్చుకునే పద్ధతి

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలోకి తుపాకీ రాగానే సాధారణంగా రెండు తప్పుల్లో ఏదో ఒకటి జరుగుతుంది. డీఎం (ఆట నడిపేవాడు) భయపడి దాని దెబ్బను కత్తి దెబ్బకు సమానం చేస్తాడు. దాంతో తుపాకీని ఎవరూ ముట్టుకోరు. లేదా భారీ దెబ్బ పెట్టి, మందు దట్టించడానికి పట్టే సమయాన్ని వదిలేస్తాడు. దాంతో రెండో ఆటకల్లా అందరి భుజాన తుపాకీలే ఉంటాయి. రెండింటికీ మూలం ఒకటే: తూకమంతా దెబ్బ అంకెలోనే వెతకడం. దెబ్బ గట్టిగానే ఉండనివ్వండి. దాని ఖరీదును కాలంలో, దూరంలో, పొగలో, మందు సరఫరాలో వసూలు చేయండి.

కింది అంకెలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ లెక్కకు సరిపోతాయి: రౌండుకు (పోరాటంలో అందరికీ ఒక్కో వంతు వచ్చే కాలం) ఆరు సెకన్లు, డీ20 అంటే ఇరవై ముఖాల పాచిక. వేరే పద్ధతిలో ఆడేవాళ్లు నిష్పత్తులు చూసుకుని మార్చుకోవచ్చు. నేపథ్యం మాత్రం కర్నూలు, కడప, అనంతపురం నేల.

ముందు కాలం తేల్చుకోండి

1520 నాటి రాయచూరు ముట్టడి తరహా ప్రపంచమైతే తుపాకులు గుప్పెడే. కృష్ణదేవరాయల పక్షాన పోరాడిన పోర్చుగీసు తుపాకీవాళ్లు కోటగోడ మీది కాపలావాళ్లను ఏరి కొట్టారు. అంటే తుపాకీ అక్కడ కూలికి వచ్చిన నిపుణుడి పనిముట్టు. 17వ శతాబ్దం మధ్యలో మీర్ జుమ్లా చేతికొచ్చిన గండికోట లాంటి చోటయితే ఫిరంగులూ వత్తి తుపాకులూ కోటకు మామూలు సరంజామా. 1800లో మన్రో దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన కాలమైతే కుంఫిణీ సిపాయిల చేతిలో చెకుముకి తుపాకీ, పాలెగాడి కట్టుబడి బంట్ల చేతిలో ఇంకా వత్తి తుపాకీ, బల్లెం, కత్తి. మూడింటినీ కలిపితే ఏ నియమమూ నిలవదు. మొదటిసారి చేసేవాళ్లకు నడిమి కాలం మేలు: వత్తి తుపాకీ ఒక్కటే ఉంటుంది, దాని బలహీనతలన్నీ ఆటకు పనికొస్తాయి.

వత్తి తుపాకీ అంకెలు

దెబ్బ 3డి8 (ఎనిమిది ముఖాల పాచికలు మూడు వేసి కలపడం), సగటు 13.5. చురుకుదనం బోనస్ దెబ్బకు కలపకూడదు. గుండు బలం మందుది, మనిషిది కాదు. మామూలు దూరం 90 అడుగులు, కష్టమ్మీద 240. అరవై అడుగుల లోపల ఇనుప కవచం ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి పాచిక చేరాల్సిన అంకె) 2 తగ్గినట్టు లెక్క. కవచాన్ని పూర్తిగా లేనట్టు లెక్కగట్టే నియమం పెట్టకండి, ప్రతి గుండూ తగిలిపోతుంది.

దట్టించడానికి మూడు యాక్షన్లు (రౌండుకు ఒక్కటే చేయగల ముఖ్యమైన పని): మందూ గుండూ పోయడం ఒకటి, కడ్డీతో కూరడం ఒకటి, చెవిలో (గొట్టం పక్కన నిప్పు తగిలే చిన్న గిన్నె) సన్నమందు పోసి వత్తి సరిచేయడం ఒకటి. నిజానికి అర నిమిషం దాకా పట్టే పని ఇది. అంత పెడితే ఆటగాడు పాచిక ముట్టకుండా కూర్చోవాలి, అది ఆట కాదు. మూడు చాలు. పక్కన సహాయకుడుంటే ఒక యాక్షన్ వాడు చేయవచ్చు.

ఇది ఎందుకు సరిపోతుందో లెక్క వేసి చూడండి. అయిదో లెవెల్ కత్తివీరుడు రౌండుకు రెండు దెబ్బలు వేస్తాడు, ఒక్కోటి 1డి8+3, సగటు 7.5. నూటికి 65 తగిలితే రౌండుకు 9.75. చాలా పోరాటాలు నాలుగు రౌండ్లలో తేలిపోతాయి. మొదటి రౌండు శత్రువు దాకా పరుగెత్తడానికే పోతే, మిగిలిన మూడింటిలో 29 చిల్లర. అదే మనిషి మొదటి రౌండులో నిలబడి తుపాకీ పేల్చి (13.5లో 65 శాతం, 8.8), శత్రువు మీదికొచ్చాక తుపాకీ కింద పడేసి కత్తి దూస్తే మొత్తం 38. ఒక్కసారి పేల్చి వదిలేసిన తుపాకీకి తొమ్మిది పాయింట్ల లాభం. నాలుగు రౌండ్లూ తుపాకీనే పట్టుకుని కూర్చున్నవాడికి వచ్చేది ఆ 8.8 మాత్రమే. ఆ తేడాయే ఆటగాడిని కత్తి వైపు తోస్తుంది. పడేసిన తుపాకీని మళ్లీ వెతుక్కోవాలి. భుజానికి తగిలించుకోవాలంటే ఒక యాక్షన్ ఖర్చు.

ఇదే నియమాన్ని 1డి12 దెబ్బతో పెడితే ఏమవుతుంది? దట్టించే కాలం మూడు రౌండ్లు, దెబ్బ గొడ్డలిదంత. ఎవరు కొంటారు? తుపాకీని నెమ్మది చేస్తే దెబ్బ పెంచాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోవడం వల్లే ఎక్కువ ఇంటి నియమాలు చెడతాయి.

లెవెల్‌తో పాటు తుపాకీ దెబ్బ పెరగకూడదు. కత్తివీరుడికి పదకొండో లెవెల్‌లో మూడో దెబ్బ వస్తుంది, మంత్రగాడికి పెద్ద మంత్రాలొస్తాయి, తుపాకీ 3డి8 దగ్గరే ఆగుతుంది. అలా ఆగితేనే దాని అసలు గుణం బయటపడుతుంది: ఏళ్ల తరబడి సాధన లేని పల్లెటూరి మనిషి కూడా వీరుడిని భయపెట్టగలడు.

ఒకటి రెండు లెవెళ్లలో మాత్రం జాగ్రత్త. పది హిట్ పాయింట్లు (ప్రాణబలం) ఉన్నవాడి మీద 3డి8 పడితే ఆట అక్కడికే ముగుస్తుంది. ఆ లెవెళ్లలో శత్రువు తుపాకీ 2డి8, క్రిటికల్‌కు (డీ20 మీద 20 పడినప్పుడు) రెట్టింపు లేదు. గరిష్ఠం 16 కాబట్టి, ఎనిమిది కంటే ఎక్కువ హిట్ పాయింట్లు నిండుగా ఉన్నవాడు పడిపోవచ్చు గానీ అక్కడికక్కడ చావడు.

పేలనప్పుడు

డీ20 మీద 1 గానీ 2 గానీ పడితే పేలలేదు. వెంటనే డీ6 వేయండి. 1 నుంచి 4 దాకా: చెవిలో మందు భగ్గుమంది, లోపలికి నిప్పు పోలేదు; సూదితో చెవి రంధ్రం పొడిచి మళ్లీ సన్నమందు పోయాలి, ఒక యాక్షన్. 5, 6: గుండు ఇరుక్కుంది, ఈ పోరాటంలో ఇక పనికిరాదు.

గొట్టం పగిలిపోయే నియమాన్ని పాచిక మీద పెట్టవద్దు. గొట్టాలు పగలడానికి పెద్ద కారణం, మొదటిది పేలలేదని గమనించక దాని మీద మళ్లీ దట్టించడం. పేలని తుపాకీని సరిచూడకుండా దట్టించిన ఆటగాడికే ఆ ప్రమాదం: పేల్చినవాడికి 3డి8. 'కడ్డీ లోపలికి వేసి చూస్తాను, ఎప్పటికంటే ఎక్కువ బయటికి ఉందా?' అని అడిగినవాడికి నిజం చెప్పేయండి.

వాన మీద ఆధారపడకండి

చాలామంది తుపాకీని అదుపు చేయడానికి మొదట వాడేది వాన. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప, అదీ ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో. మిగతా కాలమంతా మందు పొడిగానే ఉంటుంది. అందుకే ఈ సీమకు వేరే పగ్గాలు వేయాలి.

గాలి: గుట్టల మీద ఈదురుగాలి వీస్తుంటే చెవిలో పోసిన సన్నమందు ఎగిరిపోతుంది, డీ20 మీద 1 నుంచి 4 దాకా ఏది పడినా పేలనట్టు లెక్కపెట్టండి. నిప్పు: వెలిగిన వత్తి చీకట్లో కనిపిస్తుంది, దాని వాసనా పసిగడతారు; వత్తి వెలిగించుకుని దొంగచాటుగా పోవడం కుదరదు, ఆర్పుకుని పోతే మళ్లీ వెలిగించడానికి ఒక రౌండు. వాలు: గుత్తి కోట బురుజు మీద నుంచి నిట్టనిలువుగా కిందికి గురిపెడితే గుండు జారిపోతుంది, పీచు ఉండ కూరి బిగించాలి, దట్టించడానికి మరో యాక్షన్.

పొగ అన్నింటికంటే పనికొచ్చేది. ఆరుబయట ఒక్క తుపాకీ పొగ లెక్కలోకి రాదు. మూడు ఒకే రౌండులో పేలితే వాటి ముందు పది అడుగుల మేర ఒక రౌండు పాటు తేలికపాటి మరుగు. బెలుం గుహల్లాంటి చోట, గాలి కదలదు కాబట్టి, ఒక్క దెబ్బకే ఆ గది నిండుతుంది, రెండో దెబ్బతో కళ్లు కనిపించవు. ఇక కత్తిదే రాజ్యం. నల్లమలలో చెట్ల మధ్య శత్రువు ముప్పై నలభై అడుగుల్లోనే కనిపిస్తాడు, ఒక్క దెబ్బ తర్వాత దట్టించే తీరికే ఉండదు. గండికోట లోయ అంచున మాత్రం తుపాకీదే పైచేయి. పెన్నా అవతలి గట్టు నుంచి ఏ కత్తీ రాదు. ఆట మొత్తంలో ఈ నాలుగు రకాల నేలలూ వచ్చేలా చూసుకోండి.

మందుకూ హద్దు కావాలి. మనిషికి ఇరవై దెబ్బల మందు, అది కోట ఉన్న ఊళ్లోనే దొరుకుతుంది. సూరేకారం పాత గోడల మన్ను నుంచి తీసుకోవచ్చు, బొగ్గు అడవిలో ఉంది. గంధకం మాత్రం రేవుల నుంచి రావాలని పెట్టండి. గంధకం బండిని ఎవరు కొట్టేస్తారన్నదే ఒక ఆటకు సరిపడా కథ.

మంత్రం దగ్గర చెడేవి

మంత్రగాడు మొదట అడిగేది: 'వాడి నడుముకున్న మందు కొమ్ముకు నిప్పంటిస్తాను.' ఒప్పుకుంటే తుపాకీ అక్కడితో చచ్చినట్టే. అగ్నిగోళం లాంటి మంత్రాలు మనిషి ఒంటి మీదున్న వస్తువులను అంటించవని మూల నియమాల్లోనే ఉంది. దాన్నే అన్ని నిప్పు మంత్రాలకూ పాటించండి. నేల మీద పెట్టిన కొమ్ము పేలితే 3డి6, పీపా అయితే 7డి6, చుట్టూ పది అడుగులు. కంటికి కనపడని సేవకుడు, మంత్రపు చెయ్యి లాంటి మంత్రాలు తుపాకీని దట్టించలేవు. ఇవి ఒప్పుకుంటే మూడు యాక్షన్ల ఖర్చు మాయమైపోతుంది. వత్తి వెలిగించడానికి చిన్న మంత్రం వాడుకోనివ్వండి, అందులో నష్టం లేదు.

ఏకాగ్రతతో నిలిపే మంత్రాన్ని చెరపడంలో కత్తికి ఒక మేలుంది, దాన్ని పాడుచేయకండి. గుండు ఒక్క దెబ్బ, కాబట్టి ఒక్క సేవ్ (తట్టుకోవడానికి వేసే పాచిక). దెబ్బ 22 పాయింట్లకు చేరితే తప్ప లక్ష్యం 10 దగ్గరే ఉంటుంది. కత్తి రెండుసార్లు తగిలితే రెండు సేవ్‌లు. +2 ఉన్న మంత్రగాడు ఒక్క సేవ్ తప్పే అవకాశం 35 శాతం, రెండింటిలో ఏదో ఒకటి తప్పే అవకాశం 58 దాకా. కాబట్టి 'తుపాకీ చప్పుడుకు ఏకాగ్రత చెదురుతుంది' అనే నియమం పెట్టకండి, వినడానికి బాగున్నా సరే.

వానాకాలాన్ని మంత్రానికి ఇచ్చేయండి. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. పెద్ద మంత్రాలకు వజ్రం అవసరమని పెడితే, మందు తడిసే నెలల్లో మంత్రగాళ్లకు సరంజామా దొరుకుతుంది, ఎండాకాలంలో తుపాకీకి ఎదురుండదు.

గుంపు తుపాకులకు ఒక్కొక్కరికీ పాచిక వేయకండి. పదిమంది వరసను ఒకే దాడిగా చూడండి: ముప్పై అడుగుల వెడల్పు, చురుకుదనం సేవ్ 14, దెబ్బ 4డి8, తప్పించుకుంటే సగం. రాయి చాటునున్నవాడికి ఎప్పుడూ సగమే. సగటు 18. అగ్నిగోళం సగటు 28, కానీ ఒక్కడి చేతిలో ఉంటుంది. వరసకు పదిమంది కావాలి, మళ్లీ పేల్చడానికి మూడు రౌండ్లు కావాలి.

ఎవరో ఒకరు నాలుగు చిన్న తుపాకులు దట్టించి నడుముకు కట్టుకొస్తారు. ఒక్కోదానికి వెలిగిన వత్తి కావాలని గుర్తు చేయండి. ఒకటి కంటే ఎక్కువ నిప్పులు ఒంటి మీద ఉంటే ప్రతి రౌండూ చురుకుదనం పరీక్ష 12, తప్పితే మందు కొమ్ము అంటుకుంటుంది. ఒంటి మీది మందుకు శత్రువు నిప్పంటించలేడు గానీ, తన అజాగ్రత్తకు ఆ రక్షణ లేదు.

పరీక్ష

ఆట మొదలయ్యే ముందు ఒకే నలుగురు పాత్రధారులతో మూడు పోరాటాలు ఆడి చూడండి: వంద అడుగుల ఎడంతో బయలు, ముప్పై అడుగులతో అడవి, ఒక గుహ గది. ఒక్కోటి తుపాకులతో, తుపాకులు లేకుండా. బయలులో తుపాకులతో ఒక రౌండు ముందే ముగియాలి. రెండు రౌండ్లు ముందే ముగిస్తే దట్టించే యాక్షన్లు నాలుగు చేయండి, దెబ్బ తగ్గించకండి. అడవిలో తేడా కనిపించకూడదు. గుహలో తుపాకులతోనే ఆలస్యం కావాలి. కాకపోతే పొగ నియమాన్ని బల్ల దగ్గర ఎవరూ పాటించడం లేదన్నమాట, పటం మీద పొగ నిండిన గళ్లకు దూది ముక్కలు పెట్టండి.